ప్రభాకరం గోల్‌లో నిలబడ్డ మాట నిజం

నిన్న పొద్దున ప్రభాకరం కూతురు లత ఫోన్ చేసింది.

"అంకుల్, నాన్న లేరు. నిద్రలోనే... passed away అంకుల్."

"ఎవరి నాన్న?" అన్నాను.

డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చి, అంతమంది చావు కబుర్లు విని, ఆ పిల్లని నేను అడిగిన ప్రశ్న అది.

మన తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో నిన్నటి నుంచి దణ్ణాల ఎమోజీలు చూస్తున్నాను. "గ్రేట్ సోల్" అంటున్నారు. "వియ్ విల్ మిస్ యూ అంకుల్" అంటున్నారు. అందులో సగం మంది వాణ్ణి చూసి నవ్వినవాళ్లే. వెనక కాదు, మొహం మీదే.

తెలియని పిల్లల కోసం చెప్తాను.

ప్రభాకరం అమెరికాకి, ఈ జెర్సీ సిటీకి తిన్నగా ఇండియా నుంచి రాలేదు. స్కాలర్‌షిప్ మీద పోలండ్ వెళ్లి టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివాడు. అక్కడ ఒక చిన్న మిల్లు టౌన్. ఆ మిల్లుకి ఒక ఫుట్‌బాల్ క్లబ్. మూడో డివిజన్. దానికి వాడు రెండు సీజన్లు గోల్‌కీపర్.

వాడు చెప్పేది అంతే. దేశానికి ఆడానని ఎప్పుడూ చెప్పలేదు.

ఆ క్లబ్ కథ వాడు చెప్తుంటే వినాలి. నేతపనివాళ్లు పెట్టుకున్న క్లబ్. యుద్ధంలో జర్మన్లు ఆ గ్రౌండ్‌లో గుర్రాల్ని కట్టేశారు. యుద్ధం అయ్యాక షిఫ్ట్ దిగి వచ్చి, ఇటుకలు మోసి, స్టాండ్ వాళ్లే కట్టుకున్నారు. ఆటగాళ్లంతా కాగితం మీద మిల్లు వర్కర్లు. సగం పూట మగ్గం, సగం పూట ప్రాక్టీస్. తర్వాత ప్రభుత్వం మారింది, మిల్లుకి తాళం పడింది, క్లబ్ దివాలా తీసింది. లీగ్ జాబితాలోంచి పేరు కొట్టేశారు. కొందరు మొండివాళ్లు మళ్లీ రిజిస్టర్ చేసి, అట్టడుగు డివిజన్ నుంచి మొదలుపెట్టారు.

ఇప్పటికీ అక్కడే ఉంది.

వీడు ప్రతి వీకెండ్ ఫోన్‌లో స్కోర్ చూసి, "మళ్లీ ఓడిపోయాం రా" అనేవాడు. ఓడిపోయారు అని ఒక్కసారి కూడా అనలేదు.

నాలుగేళ్ల కిందట అసోసియేషన్ డిన్నర్. మన మాజీ ప్రెసిడెంట్ గారు మైక్ పట్టుకుని, "ఇప్పుడు మన పోలండ్ ఇంటర్నేషనల్ గారు రెండు ముక్కలు మాట్లాడతారు. ఎవరూ బాల్ విసరకండి, పట్టుకోలేరు!" అన్నారు.

హాలంతా నవ్వింది.

"ఒక్క ఫోటో చూపించండి సార్, ఒక్కటంటే ఒక్కటి," అని ముందు వరసలోంచి డాక్టర్ గారు.

ఫోటోలు బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చినప్పుడు పోయాయని వాడు చెప్పాడు. మళ్లీ నవ్వారు.

అయితే వాళ్లు ఉత్త వెకిలివాళ్లు. అసలు దెబ్బ కొట్టింది నేను.

పుస్తకాలు చదివేవాణ్ణని మీ అందరిలో నాకో పేరుంది. యూరప్ చరిత్ర అంటే నన్నే అడుగుతారు. నేను పుస్తకంలో చదివిన దేశంలో వాడు చలికి వణుకుతూ బతికి వచ్చాడు. అది నాకు గిట్టలేదు. అందుకే ఆ డిన్నర్‌కి ముందే క్లబ్ సెక్రటరీకి ఈమెయిల్ రాశాను. జవాబు ఫోన్‌లో పెట్టుకుని వచ్చాను.

లేచి, మైక్ తీసుకుని చదివాను. "ఈ పేరుగల ఆటగాడు మా రిజిస్టర్లలో లేడు."

నవ్వు కూడా ఆగిపోయింది.

పార్కింగ్ లాట్‌లో ప్రభాకరం నా దగ్గరికి వచ్చి, "సరేలేరా. నువ్వే చదివావుగా, ఇంక ఎవరికీ డౌట్ ఉండదు" అన్నాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నా దగ్గర ఎప్పుడూ స్కోర్ చెప్పలేదు.

ఆ ఈమెయిల్‌లో ఇంకో లైన్ ఉంది.

"మిల్లు మూసినప్పుడు పాత రిజిస్టర్లు పోయాయి. మా దగ్గర ఉన్నవి క్లబ్ మళ్లీ పెట్టిన తర్వాతవి మాత్రమే."

అది నేను చదివాను. ఇంట్లో చదివాను. హాల్లో చదవలేదు.

మొన్న వేసవిలో వాళ్లింటికి వెళ్తే సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూడగానే ఫోన్ బోర్లా పెట్టేశాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు.

ఇంటికొచ్చి సెక్రటరీకి మళ్లీ రాశాను. ఈసారి మర్యాదగా. ఆయన పాత అభిమానుల్ని వాకబు చేశాడు. అప్పట్లో టీమ్ జెర్సీలు ఉతికిన ఒక ముసలావిడ ఇంకా ఉంది. మనవడి చేత నాకు ఈమెయిల్ రాయించింది.

"ఇండియా కుర్రాడా? ఎందుకు గుర్తులేదు! చలికి రెండేసి జెర్సీలు వేసుకునేవాడు, నాకు ఉతుకుడు డబుల్. పెనాల్టీ ఆపి చిటికెన వేలు విరగ్గొట్టుకుంటే డాక్టర్ దగ్గరికి నేనే లాక్కెళ్లాను. బతికే ఉన్నాడా?"

వాడి ఎడమ చిటికెన వేలు వంకర మీరందరూ చూశారు. నేనూ చూశాను. ఎలా విరిగిందని ఎవ్వరం అడగలేదు.

ఆ ఈమెయిల్ నాకొచ్చి మూడు వారాలైంది.

వాడి ఇల్లు మా బిల్డింగ్ నుంచి పది నిమిషాల నడక.

వెళ్లలేదు. ఎందుకంటే ఈ శనివారం అసోసియేషన్ లంచ్. అదే హాల్. అదే మైక్‌లో ఇది చదివి, మాజీ ప్రెసిడెంట్ గారి మొహం ఎలా మాడుతుందో చూద్దామనుకున్నాను. ప్రభాకరానికి సర్‌ప్రైజ్ అని నాకు నేను చెప్పుకున్నాను.

అబద్ధం. ఆ ముచ్చట నాది.

ఇప్పుడు ఆ లంచ్ సంతాప సభ అయింది. "మీరే రెండు ముక్కలు మాట్లాడాలి" అని మాజీ ప్రెసిడెంట్ గారే మెసేజ్ పెట్టారు. వస్తాను. రెండు ఈమెయిల్సూ పూర్తిగా చదువుతాను. నవ్వినవాళ్లు ముందు వరసలో కూర్చోండి. "గ్రేట్ సోల్" అనబోయే ప్రతివాడూ ముందు వాడు గోల్‌కీపర్ అని ఒప్పుకుని, అప్పుడు మొదలుపెట్టాలి.

నిన్న సాయంత్రం లతకి అన్నీ చెప్పాను.

"నాన్నకి తెలుసా అంకుల్, ఆవిడ రాసిందని?"

"లేదమ్మా."

"ఓకే అంకుల్" అని ఫోన్ పెట్టేసింది.

ప్రభాకరం, నువ్వు చెప్పింది నిజం. నేను దాచింది కూడా నిజం. రెండింటికీ సాక్ష్యంగా ఇక్కడ రాశాను.

నన్ను క్షమించమని అడగను. ఎవరి నవ్వూ వినపడని చోట హాయిగా నిద్రపో రా.