సోమవారం రాత్రి నాన్న తినడు

నాకు సవతి పోరు తెలియదు గానీ, ఒక ప్రధానమంత్రి పోరు మాత్రం బాగా తెలుసు. ఆయన ఎప్పుడో చనిపోయాడు. అయినా ఎనభైల మధ్యలో నాన్న అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, సూట్‌కేసులో చొక్కాల మధ్య ఆయన ఫొటో వచ్చింది. నా ఫొటో ఒక్కటీ రాలేదు.

నా చిన్నప్పుడు యుద్ధం వచ్చింది. దేశంలో తిండిగింజలు చాలడం లేదు, సోమవారం రాత్రి భోజనం మానండని ఆయన అడిగాడు. నాన్న మానేశాడు, అమ్మా మానేసింది. నా ఒక్కదానికే వండి పెట్టేవారు. యుద్ధం ముగిసింది, సంధి కోసం పరాయి దేశం వెళ్లి ఆయన అక్కడే కన్నుమూశాడు, తర్వాత పంటలూ పండాయి. నాన్న మాత్రం మళ్లీ సోమవారం రాత్రి కంచం ముందు కూర్చోలేదు. ఆయన పోయిన రోజు వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నన్ను అమెరికా విమానం ఎక్కించేటప్పుడు, పాస్‌పోర్ట్ జాగ్రత్త అన్నాడు, అంతే. ఒళ్లు మండదా మరి?

మా ఇంట్లో కూడా ఆయన కబుర్లే. గొంతు పెంచకుండానే సైన్యాన్ని ముందుకు నడిపించాడట. దేశాన్ని అడిగే ముందు తన పిల్లల్నే ఒక పూట పస్తుంచి చూశాడట. మా అమ్మాయి నోరు తెరుచుకుని వినేది. “హి ఈజ్ మై హీరో, తాతయ్యా” అనడం కూడా మొదలుపెట్టింది. నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే కడిగేదాన్ని.

ఆ ఏడు లేబర్ డేకి మావారితో కార్ల కంపెనీలో పనిచేసే తెలుగువాళ్లను భోజనానికి పిలిచాను. సెప్టెంబరులో ఇక్కడిచ్చే ఆ సెలవు ఎప్పుడూ సోమవారమే వస్తుందని తెలిసే, సాయంత్రానికి పిలిచాను. నాన్నకిష్టమని గుత్తివంకాయ కూర చేశాను. నాన్న నా మాట వింటాడో, ఆయన మాటే వింటాడో తేల్చుకోవాలనుకున్నాను.

అందరూ తింటున్నారు. నాన్న ఇంటి వెనక చెక్క డెక్ మీద మంచినీళ్ల గ్లాసుతో కూర్చున్నాడు. వచ్చినవాళ్లు తినమంటే నవ్వి ఊరుకున్నాడు. కంచంలో వడ్డించి తీసుకెళ్లి, ముందే ఆలోచించి పెట్టుకున్న మాట అన్నాను.

“మన దేశంలో ఇప్పుడు మంగళవారం వచ్చేసింది నాన్నా. తినొచ్చు.”

“తెలుసమ్మా. అక్కడి సోమవారం రాత్రి లెక్కకి పొద్దున్నే టిఫిన్ మానేశాగా. ఇది ఇక్కడి లెక్క.”

పొద్దున ఆకలి లేదంటే నిజమనుకున్నాను. అంటే మా ఇంటికొచ్చాక ఆయనకి రెండు పూటలు ఇస్తున్నాడన్నమాట. కంచం విసిరికొట్టాలనిపించింది.

“ఆయన తన పిల్లల్ని కూడా మానమన్నాడు. నువ్వు నన్ను ఒక్కసారైనా అడిగావా? మీరందరూ ఒకటి. నేను పరాయిదాన్లా వంటింట్లో కూర్చుని తినేదాన్ని.”

నాన్న గ్లాసు కింద పెట్టాడు.

“ఒక సోమవారం అడుగుదామనే వచ్చానమ్మా. నువ్వు అప్పుడే అన్నం కలుపుకుంటున్నావు. నాకు నోరు రాలేదు. ఆయనకున్నంత గుండె నాకు లేదు.”

కంచంతోనే పక్క కుర్చీలో కూర్చున్నాను. నాన్న ఆయన వెనక నడవలేకపోయింది ఒక్కచోటే, నా కంచం దగ్గర. ఇన్నేళ్లూ ఆ సంగతి తెలియక కుళ్లుకుని చచ్చాను.

“తిను, చల్లారిపోతుంది” అన్నాడు.

నాన్న చూస్తుండగా కంచం ఖాళీ చేశాను.