మౌలాలి గుట్ట కింది జాయింటు

పోలీసు చర్య ముగిసి, బెజవాడ నుంచి సికింద్రాబాదుకు రైళ్లు కాస్త కుదురుగా నడవడం మొదలయ్యాక బయలుదేరాను. మా అన్నయ్య రంగయ్య అక్కడ టెలిఫోను కేబుళ్లు అతికే పనివాడు. పోలీసు చర్యకు ముందటి వేసవిలో మౌలాలి దగ్గర తెగిన కేబుల్ బాగుచేయడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ మధ్యాహ్నం అటువైపు కాల్పులు వినిపించాయన్నారు. శవం దొరకలేదు. వదిన బెజవాడలో పుట్టింట్లో ఉంటోంది. బొట్టు తీయలేదు. తీయమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అన్నయ్యతో పనిచేసిన ఖాసిం, రైలు గార్డు ద్వారా కబురు పంపాడు. అన్నయ్య చివరిగా దిగిన కేబుల్ గుంత తెరుస్తున్నారట, ఇంటి మనిషి ఒకరు ఉంటే మంచిదట.

స్టేషనులో వదిన ఒక్కటే చెప్పింది. "జాయింటు మూసి ఉందో, తెరిచి ఉందో చూసి రా."

ఆ మాటకు అర్థం చెప్పాలి. కేబుల్ లోపలి తీగలకు కాగితం చుట్టి ఉంటుంది. తేమ తగిలితే చెడిపోతుంది. అందుకే పని పూర్తిచేసినవాడు జాయింటు, అంటే తీగలు కలిపిన చోటు, మీద సీసపు గొట్టం తొడిగి, కరిగించిన లోహం పోసి, గుడ్డతో నున్నగా తుడిచి అంచులు మూసేస్తాడు. అలా మూయకుండా లేచిపోవడం అన్నయ్య ఎన్నడూ చేయలేదు. మూసి ఉంటే తన కాళ్ల మీద తాను వెళ్లాడన్నమాట, ఎక్కడో బతికి ఉండొచ్చు. తెరిచి ఉంటే లేదు.

ఉదయపు బండిలో మూడో తరగతి కిక్కిరిసి ఉంది. ఎర్రుపాలెంలో సిపాయిలు మూటలు విప్పి చూశారు. వెళ్లేవారు బట్టలు పైన సర్దుకుంటే తొందరగా వదులుతారు. నా ఎదుట ఘట్‌కేసర్ వర్తకుడు, ఆయన భార్య కూర్చున్నారు. ఊరు విడిచి పారిపోయి, ఇప్పుడు తిరిగి పోతున్నారు.

"ఇల్లున్నదో లేదో తెల్వదు మాస్టరుగారూ. తాళంచెవి మాత్రం భద్రంగున్నది," అన్నాడాయన, నేను బడిపంతులునని తెలిసి.

"తలుపే లేకుంటే చెవి ఏం జేసుకుంటవ్?" అంది భార్య.

"మెడల ఏసుకుంట. నీకు పుస్తెలున్నట్టు నాకిది."

డోర్నకల్లులో నీళ్లు నింపుకున్నాను. కాజీపేటలో పూరీలు, చాయ్ దొరికాయి. దాటాక తినడానికి ఏమీ లేదు. మౌలాలి స్టేషను కిటికీ పక్కనుంచి వెళ్లిపోయింది. అటు చూడకుండా ఉండలేకపోయాను. సికింద్రాబాదులో స్టేషను ఎదుటి సత్రంలో చోటు దొరికింది. పక్కబట్టలు మనవే తీసుకెళ్లాలి.

మర్నాడు పొద్దున ఖాసిం జట్కా తెచ్చాడు. పనిముట్లు, సీసం కరిగించే బొగ్గుల కుంపటి అందులోనే ఉన్నాయి. మల్కాజ్‌గిరి దాటాక జట్కావాడు పగ్గాలు లాగాడు.

"గుట్ట దాంక వస్త సాబ్. గుంత కాడికి గుర్రం రాదు."

"గుర్రం చెప్పిందా నీకు?" అన్నాడు ఖాసిం.

"అది చెప్పలే. నేనే రాను."

గుట్ట దగ్గర దిగి, సామాను మోసుకుంటూ మిగతా దారి నడిచాం. పట్టాల పక్కన రైల్వే క్వార్టర్లు కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఒక పెరట్లో దండెం మీద చీర వేలాడుతోంది. ఎండకు ఒకవైపు పూర్తిగా వెలిసిపోయింది, రెండోవైపు రంగు అలాగే ఉంది. పిట్టల చప్పుడు కూడా లేదు. ఆ రోజు తర్వాత ఇటు ఎవరూ రాలేదని ఖాసిం చెప్పాడు. కేబుల్ అవతల ఇంకోచోట కూడా తెగి ఉంది కాబట్టి, ఈ జాయింటు సంగతి నగరంలో కూర్చుని తెలుసుకునే వీలు లేకపోయింది.

గడ్డపారతో గుంత మీది బండ జరిపాం. గుంత పొడిగా, ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. అడుగున సీసపు గొట్టం నున్నగా మెరుస్తోంది.

"మూసి ఉంది, ఖాసిం భాయ్," అన్నాను.

ఆయన దిగి, గొట్టం అంచును వేళ్లతో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఈ అంచు రంగన్న తుడిచింది గాదు."

సీసం కోసి తెరిచాడు. లోపల తీగల కొనలు రెండేసి చొప్పున మెలివేసి, కాగితపు గొట్టాల్లో దాచి ఉన్నాయి. ఖాసిం ఒక్కొక్క గొట్టం జరిపి నాకు చూపించాడు. అన్నయ్యది ఎడమచేతివాటం, ఆయన మెలిక ఎడమకు తిరుగుతుంది. సగం దాకా అన్నీ అలాగే ఉన్నాయి. అక్కడి నుంచి చివరిదాకా కుడికి తిరిగాయి.

"ఈడిదాంక మీ అన్న. ఈడికెళ్లి ఇంకొకడు."

"ఎవరు?"

"పట్నంల కేబుల్ పట్టే చేతులన్నీ నాకెరుకే తమ్ముడూ. ఈ చెయ్యి నేనెన్నడూ చూడలే."

గుంత గోడ మీద కుంపటి మసి రెండుచోట్ల ఉంది, ఎడమన ఒకటి, కుడిన ఒకటి. కుడివైపుది పెద్దది, అక్కడ కుంపటి ఎక్కువసేపు మండింది.

ఖాసిం పైకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మా పనోళ్లల ఒక కట్టుబాటున్నది. ఒకడు షురూ చేసిన జాయింటుల ఇంకొకడు చెయ్యి పెట్టడు. జ్వరమొచ్చి పండుకుంటే సుత, మైనపు గుడ్డ చుట్టి ఆయన కోసం ఆగుతం. ఆయన ఇగ రాడని కండ్లతోని చూస్తేనే చెయ్యి పెడతం."

ఆ తర్వాత టెలిఫోను చెవి గొట్టం తగిలించి తీగలన్నీ పరీక్షించాడు. ఒక్కటీ తప్పు తీగతో కలవలేదు. కొత్త సీసం తొడిగి మూశాడు. ఎండ వాలేదాకా గుట్ట చుట్టూ తిరిగాం. ఎక్కడా తవ్విన గుర్తు లేదు. వెనక్కి వస్తున్నంతసేపూ ఖాసిం ఒక్కసారీ తల తిప్పలేదు. నేను తిప్పాను. ఎవరూ లేరు.

తిరుగు ప్రయాణంలో కూర్చోవడానికి చోటు సులువుగానే దొరికింది. ఇప్పుడు అటు వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆ దారి గురించి నాకు మిగిలిన అభిప్రాయం ఇది: ఊళ్లు మళ్లీ నిండుతున్నాయి, తీగలు మళ్లీ పలుకుతున్నాయి, ఏం జరిగిందో చెప్పగలవాళ్లు మాత్రం కనబడటం లేదు.

బెజవాడ ప్లాట్‌ఫారం మీద వదిన నిలబడి ఉంది.

"మూసి ఉందా?"

"మూసే ఉంది వదినా. సగం నుంచి వేరే చెయ్యి."

అన్నయ్యతో అన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ కట్టుబాటు తెలుసు, ఇంకేమీ విడమరచాల్సిన పని లేకపోయింది.

"సరిగా చేశాడా?"

"ఒక్క తీగ కూడా తప్పలేదట."

వదిన కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"అయితే ఆ చేసినవాడు తొందరపడలేదన్నమాట," అంది. "ఆయన పక్కన చాలాసేపే కూర్చున్నాడు."