తెల్లగీతలు చూపించిన డాక్టరమ్మ

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై దాటింది. చాపాడులో కొడుకూ కోడలితో ఉంటున్నాను. చదువు రాదు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ప్రొద్దుటూరులోని ఒక ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు చూసే మా డాక్టరమ్మ పోయిన సోమవారం చనిపోయింది. సొంతూరు పులివెందులకు తీసుకుపోయారు. మా ఆటో జమ్మలమడుగు దాటేలోపే మట్టి అయిపోయిందని ఫోను వచ్చింది. పిడికెడు మన్ను వేయలేకపోయాను. అందుకే ఈ మాటలు.

పోయినేడు ఎండాకాలంలో ఒక పొద్దున నాకు ఊపిరి అందలేదు. పడుకుంటే గొంతు నొక్కినట్టుండేది. ఊళ్లో సూదులేసే ఆయన ఎప్పటినుంచో ఉబ్బసమనేవాడు. మా ఊళ్లో ఏ జబ్బుకైనా ముందు సెలైను బాటిలు ఎక్కాల్సిందే.

"బాటిలు ఎక్కించండి మేడమ్, మా యమ్మ సచ్చిపోతాది!" అని ఆస్పత్రిలో కొడుకు అరిచాడు.

"ముందు చూడనీప్పా," అన్నది డాక్టరమ్మ. నన్ను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. ఆక్సిజన్ పెట్టించింది. చక్రాల మీదున్న స్కానింగ్ మిషనును మంచం దగ్గరికే లాక్కుంది. జిగురు మందును అరచేతిలో రుద్ది, చల్లదనం పోయాకే ఒంటికి పూసింది.

ఊపిరి లేకపోయినా నాకు నోరుంది. ఆమె చెయ్యి తోసేశాను.

"నేనేమన్నా... కడుపుతో ఉండానా? స్కానింగు తీస్తాండావు! బాటిలు పెట్టనిదానివి... డాక్టరెందుకయినావే?"

"కవలలుంటే చెప్తాలే అవ్వా, కదలాకు."

రెండు పక్కలా పక్కటెముకల మీద మిషను ఆనించింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. బొమ్మ నావైపు తిప్పింది.

"ఈ తెల్లగీతలు చూడు. ఊపిరితిత్తుల్లో నీళ్లు ఊరినాయి. గుండె నెత్తురు తోయలేకపోతాంది. ఇంగా నీళ్లు పొయ్యమంటావా?"

కొడుకు బొమ్మ మీదికి వంగాడు. నాకు అక్షరం ముక్క రాదు గానీ ఆ గీతలు అర్థమయ్యాయి. ఆ నీళ్లు ఒంటేలుగా బయటికి పోయేలా సూది వేసింది. నాలో ఊపిరి నిలబడేదాకా మంచం వదల్లేదు. మళ్లీ చూపించినప్పుడు గీతలు పలచబడ్డాయి. నా ఒంటి మీది జిగురు తానే తుడిచి, "అడిగిందల్లా ఇచ్చేది అంగడవ్వా, ఆస్పత్రి కాదు," అన్నది.

నిన్న మందుల కోసం అదే వార్డుకు పోయాను. మిషను గోడవారన గుడ్డ కప్పుకుని ఉంది. రాజుపాలెం నుంచి ఒక ముసలాయనను మోసుకొచ్చారు. చేప నోరు తెరిచినట్టు తెరుస్తున్నాడు. "బాటిలు పెట్టండి సార్!" అని ఆయన కూతురు డాక్టరు కాళ్లు పట్టుకుంటోంది. కొత్త డాక్టరు బాటిలు స్టాండుకు తగిలించాడు.

నేను పోయి గుడ్డ లాగేశాను.

"ముందు చూడప్పా!"

"ఎవరమ్మా నువ్వు?"

"ఈ మంచం మీద బతికినదాన్ని."

డాక్టరు బాటిలు గొట్టం వదిలేశాడు. మిషను లాక్కున్నాడు. "జిగురు అరచేతిలో రుద్దప్పా, శానా చల్లగుంటాది," అన్నాను. రుద్దాడు. బొమ్మలో అవే తెల్లగీతలు కనిపించాయి. ఆయన దాన్ని ఆ కూతురి వైపు తిప్పాడు.

బాటిలు స్టాండుకు వేలాడుతూనే ఉంది, ఒక్క చుక్క కూడా దిగకుండా.

ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర. వేస్తుండగా చూసినవాళ్లు: కొడుకు సుబ్బరాయుడు, పక్కింటి మహబూబ్ బీ.