గుత్త చేను

నా చిన్నప్పుడు మాకు సొంత నేల లేదు. మైదుకూరు దగ్గర మా పల్లెలో ఒక పెద్ద రైతు చేనును మా అవ్వ గుత్తకు తీసుకుంది. అంతా రాళ్లు. వానొస్తే ఉన్న కాస్త మట్టీ వాలు వెంట వంకలోకి కొట్టుకుపోయేది. ఎవరూ అడగని చేను కాబట్టే మాకిచ్చారు.

అవ్వ ఆ నేలకు ఆరేళ్లు చాకిరీ చేసింది. ఏరిన రాళ్లతోనే వాలుకు అడ్డంగా కట్టలు పేర్చింది. చెరువు ఎండగానే అడుగున మిగిలిన ఒండ్రును తట్టలతో మోసింది. నేనూ మోసేదాన్ని. చర్చికి పోయే ఆదివారం ఒక్కరోజే నా మెడకు సెలవు. ఉలవ చల్లి, పూతకు రాగానే కోయకుండా నేలకు ఎరువుగా దున్నించేది. తినే గింజను మట్టిలో కలుపుతోందని పల్లెంతా నవ్వింది. ఆరో ఏడు వానలు తక్కువై చుట్టూ చేలు వాడిపోతే, మా జొన్న మాత్రం మనిషెత్తు నిలబడింది.

అది విని వ్యవసాయ శాఖ అధికారి ఒకాయన జట్కాలో వచ్చాడు. రైతులందరూ చేని దగ్గర చేరారు. అంతా తానే చేయించినట్టు పెద్ద రైతు చెప్పుకున్నాడు. కట్టకు ఒక మూల సందు ఎందుకు వదిలారని అధికారి అడిగేసరికి పెద్ద రైతు వెనక్కి తిరిగి, దూరంగా నిలబడిన అవ్వను పిలిచాడు.

"నిండా కడితే నీళ్లు కట్టనే తెంచుకొని పోతాయి సామీ. ఈడ దావ ఇడిస్తే, మట్టిని దించేసి మెల్లగా పోతాయి," అంది అవ్వ.

ఇక అందరూ ఆమెనే అడిగారు. ఏదీ దాచకుండా చెప్పింది. ఆమె ముఖంలో అంత సంతోషం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఉగాదికి ముందు పెద్ద రైతు మా వాకిట్లోకి వచ్చాడు.

"ఇంక ఆ చేను మావోడు చేసుకుంటాడు. గుట్ట కింద ఇంకొకటి ఉండాది, అది చేసుకోపో."

"ఆరేండ్లు మట్టి మోసినాను సామీ."

"శానా కష్టపడినావు, కాదనను. అంతమాత్రాన గుత్త చేను నీదైతాదా?"

ఆయన పోయాక, అదంతా వాళ్లకెందుకు చెప్పావని అవ్వ మీద అరిచి ఏడ్చాను. "అడిగితే చెప్పకుండా ఎట్లుంటామే?" అంది, అంతే. గుట్ట కింది చేను తీసుకోలేదు. ఆ ఏడు కలుపు తీయడానికి అదే చేనికి కూలికి పోయింది. పల్లెలో ఒక్కొక్కరే కట్టలు వేసుకున్నారు, చేలు బాగుపడ్డాయి. ఎవరూ ఆమె పేరెత్తలేదు.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి నేల సంగతి అడిగితే నేనూ దాచలేను. కానీ ముందు ఆ చేను ఎవరిదని అడుగుతాను. గుత్తదంటే, ఇన్నేళ్లపాటు చేను మీకే వదులుతామని ఆసామితో కాగితం రాయించుకునేదాకా ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తొద్దంటాను.