బెథియా ఆపిన కారు

నా నేస్తం బెథియా గన్‌కి రాజుగారి పతకం వచ్చిందని తెలియగానే మా బేకరీలోంచి పిండి చేతులతోనే ఆమె ఇంటికి పరుగెత్తాను. పసుప్పచ్చ కోటు వేసుకుని, ‘ఆగు’ అని రాసిన గుండ్రటి పలక పట్టుకుని, ఏళ్ల తరబడి బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటిస్తున్న మనిషి. ఆమెకు కాక ఇంకెవరికిస్తారు?

“నేను వెళ్లను,” అంది.

“ఏం పుట్టిందే నీకు!”

“స్ట్రాత్‌బ్రే భవనంలో ఇస్తారట. ఆ గడప తొక్కను. పోస్టులో పంపమను.”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ పంతం ఎక్కడిదో తెలుసు. మా జిల్లాలో రాజుగారి తరఫు మనిషిని లార్డ్ లెఫ్టినెంట్ అంటారు. ఒకప్పుడు ఊరూరా కుర్రాళ్లను లెక్కగట్టి సైన్యానికి పట్టుకెళ్లింది ఆ పదవిలో ఉన్నవాళ్లే. తర్వాత సైన్యం పని పోయింది, కత్తీ టోపీ మిగిలాయి. తాత, తండ్రి, కొడుకు, అందరూ ఆ భవనం దొరలే. బెథియా తల్లి అక్కడ మెట్లు కడిగేది. ఓసారి జ్వరంతో వెనక గుమ్మం దాకా నడవలేక, పనివాళ్లు వాడకూడని ముందు గుమ్మంలోంచి బయటికొచ్చింది. మర్నాడే పనిలోంచి తీసేశారు. జన్మలో ఆ ఇంటికి వెళ్లనని తల్లి కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

“పిల్లలు అడిగి తెప్పించిన పతకమే అది. పెట్టుకోవాలని నాకు మాత్రం ఉండదా? అమ్మకిచ్చిన మాట ఏం చేసుకోను?” అంటూ బెథియా ఏడ్చేసింది.

ఇప్పటి లార్డ్ లెఫ్టినెంట్ దొరల బిడ్డ కాదు. ఐలీన్ స్వాన్సన్ అని, రిటైరైన నర్సు. ఆమె రొట్టె కోసం వచ్చినప్పుడు సంగతంతా చెప్పేశాను. బెథియా తిడితే తిట్టనీ అనుకున్నాను.

తర్వాతి సోమవారం, బడి వదిలే వేళ, కుండపోత వాన. నేనూ గొడుగు పట్టుకుని బడి ముందే ఉన్నాను. చిన్న జెండా కట్టిన నల్ల కారు వచ్చింది. బెథియా రోడ్డు మధ్యలో నిలబడి పలక ఎత్తింది.

డ్రైవరు అద్దం దించాడు. “అమ్మా, లోపల లార్డ్ లెఫ్టినెంట్ గారున్నారు!”

“ఉంటే? పిల్లలు దాటాకే కదలాలి. రాజుగారొచ్చినా ఇక్కడ ఆగాల్సిందే!”

ఐలీన్ తడుస్తూనే దిగింది. “నిజమేనమ్మా, ఆయనైనా ఆగాల్సిందే. ఆయన రాలేని చోటికి నేను రావాలి, నా పనే అది. నన్ను కూడా దాటిస్తారా?”

బెథియా ఆమె చెయ్యి పట్టుకుని అవతలికి దాటించింది. అక్కడే, తడిసిన పసుప్పచ్చ కోటు మీద ఐలీన్ పతకం తగిలించింది. పిల్లల కేకలతో వీధి దద్దరిల్లింది.

బెథియా నా వైపు గుర్రుగా చూసింది. “నువ్వే కదూ చెప్పింది? నీ కడుపులో ఒక్క మాట దాగదు!”

“దాచుకుంటే ఇది జరిగేదా?”

ఆమె పతకాన్ని వేళ్లతో తడుముకుంది. “మాట తప్పలేదే అమ్మా,” అంది పైకే. నాకు కళ్లు నిండిపోయాయి.

చేతిలో పలక దించడం మరిచేపోయింది. ఆ కారు అక్కడే ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొట్టలేదు.