ఊపిరి వదలడం

మద్రాసు వ్యాసర్పాడిలో కుర్చీలు అల్లే ప్లాస్టిక్ వైరు తీసే కార్ఖానాలో కోదండరాం ముప్పై ఒక్క ఏండ్లు డైలు, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను తోసే కంత ఉండే ఇనప అచ్చులు, కోసినాడు. చదివింది నెల్లూరు పక్క పల్లెబడిలో ఐదో తరగతి. అయితేనేం, నాలుగువందల పద్నాలుగు డైలు. ఒక్కటీ వెనక్కి రాలేదు. బొంబాయినుంచి తెప్పించిన డై వైరుమీద నల్లచారలు వేస్తుంటే, దాని లోపలి మూలలు గరాటు మాదిరి సాపు చేసింది ఆయనే. కరిగిన ముద్ద ఆ మూలల్లో సుడి తిరిగి మాడిపోతున్నదని కనిపెట్టిందీ ఆయనే.

ఇరుకు కంతలోంచి బయటపడగానే ముద్ద ఒళ్ళు విరుచుకొని లావవుతుంది. నీళ్ళు అట్లా చెయ్యవు. అందుకే ఐదు మిల్లీమీటర్ల వైరుకు ఆయన నాలుగు మిల్లీమీటర్ల కంతే కోసేవాడు. మిగిలిన ఒక్కటీ దాని ఊపిరి అనేవాడు. ఎవరితో? మిషనుతోనే. భార్య కుముదిని పోయినాక చింతాద్రిపేట గదిలోనూ వినేవాళ్ళు లేరు.

తొంభైనాలుగులో, రిటైరయ్యే వారంలో, మాధవ్ అని కొత్త ఇంజనీరు వచ్చినాడు. తెలుగింటి పిల్లోడే, నోట్లో అంతా తమిళం. ఈ పిల్లోడన్నా పని పట్టుకుంటే చాలనుకున్నాడు కోదండరాం.

"ఐదు కావాలంటే ఒక మిల్లీమీటరు ఊపిరి వదలాల, నాయనా."

"సరి అయ్యా."

మాధవ్ చేయించిన డైలోంచి వైరు ఏడున్నర లావున వచ్చింది.

"కంత ఎంత పెట్టినావు?"

"ఆరు. వదులు పెట్టమని మీరే కదా చెప్పిరి."

కోదండరాం చాన్నాళ్ళకు నవ్వినాడు. "వదులు కాదప్పా, వదలడం. అది ఉబ్బేదానికి జాగా మిగిల్చి, కంత చిన్నది కొయ్యాల."

"ఇది ఏ ఊరి తెలుగు అయ్యా?"

"మీ అవ్వని అడుగు, చెప్తుంది."

శుక్రవారం, ఆఖరి దినం, నాలుగువందల పదిహేనో డై తానే కోసినాడు. వైరు సరిగ్గా ఐదు వచ్చింది. మాధవ్ రాసుకున్నాడు.

"ఐదుకు నాలుగు. అంతే కదా?"

"ఈ వేగానికి అంతే. తొందరపెట్టి తోస్తే ఇంకా ఉబ్బుతుంది, పైన గరుకు లేస్తుంది. వేడి తగ్గిందంటే..."

"నంబరు చాలయ్యా." మాధవ్ పెన్ను జేబులో పెట్టుకొని ఆఫీసుగదికి పోయినాడు.

చల్లార్చే నీళ్ళతొట్టిలోంచి వైరు వస్తానే ఉంది. కోదండరాం దాన్ని రెండువేళ్ళ మధ్య పట్టి చూసినాడు.

"వేడి తగ్గినా ఉబ్బేదే," అన్నాడు, మిషనుతో.