కోచ్‌గారి చేతులు

కాలేజీవారు హార్లన్ టిడ్వెల్‌ను ఫుట్‌బాల్ కోచ్ పనిలోంచి తీసేసి రెండేళ్ళు కావస్తోంది. ఊళ్ళో అందరికీ ఆయన ఇంకా కోచ్‌గారే. మధ్యలో తీసేశారు గనక, ఒప్పందం గడువు తీరేదాకా జీతం ఇంటికే వస్తుంది. మరెక్కడైనా కోచ్‌గా నిలబడ్డాడా, ఆ రోజుతో ఆగిపోతుంది. మంచం పట్టిన భార్య జోయిలీన్‌కు నర్సు వచ్చేది ఆ జీతంతోనే. అందుకని ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా వరండాలో కూర్చుంటాడు. ఎవరితోనైనా మాట్లాడుతుంటే చేతులు వాటంతటవే గాలిలో ఆట సైగలు చేస్తాయి. గమనించుకుని, సిగ్గుపడి, జేబుల్లో పెట్టుకుంటాడు.

మొన్న చర్చి బడి కోచ్ జబ్బుపడితే పాస్టర్ ఎల్డన్ వచ్చాడు. "ఈ ఒక్క శుక్రవారం నిలబడండి కోచ్‌గారూ. డబ్బులిస్తే కదా అది ఉద్యోగం!" "ఊరికే నిలబడ్డా ఉద్యోగమేనట పాస్టరుగారూ, లాయరు చెప్పాడు. కాలేజీవాళ్ళు నన్ను కూర్చోబెట్టడానికే కొనుక్కున్నారు," అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. శుక్రవారం ఆటకు వెళ్ళి జనంలో కూర్చున్నాడు. అవతలి జట్టు ప్రతిసారీ మనవాళ్ళ ఎడమవైపు నుంచే దూసుకొస్తోంది. మన బడి పిల్లలు కుడివైపు కాపు కాస్తున్నారు. ఒక్క సైగ చాలు. కోచ్‌గారు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బరువంతా వాటి మీద వేశాడు. పక్కనే ఉన్న వెర్నా, చర్చి ఊడ్చే ఆవిడ, అది చూసి, "అయ్యో, చేతులు కొంకర్లు పోతున్నాయా కోచ్‌గారూ!" అంటూ తన ఉన్ని తొడుగులు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "అవునమ్మా, చలి," అని ఆయన వాటిని తొడుక్కుని, మళ్ళీ చేతుల మీదే కూర్చున్నాడు.